ఎర్ర సింహం కుడిచెయ్యిగా మారిన ఎపిసోడ్ ఎవరికైనా గుర్తుందా?

అటకపెట్టె:
అందరికీ నమస్కారం. ఇక్కడివన్నీ చదివి చప్పుడు చేయకుండా వెళ్లిపోయే రకాన్ని నేను. ఈసారి అడగక తప్పడం లేదు. చిన్నప్పుడు చూసిన ఒక కార్టూన్ భాగం కోసం చాలాకాలంగా వెతుకుతున్నాను, దొరకడం లేదు.

కథ ఇది. లారీగా మారే ఎరుపు, నీలం రోబో, అదే మన ఆప్టిమస్ ప్రైమ్, యుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకుంటాడు. శత్రువులు చుట్టుముడతారు. జోరున వాన. అప్పుడు ఐదు సింహాలు కలిస్తే తయారయ్యే వోల్ట్రాన్ పైనుంచి దిగి, తన కుడిచెయ్యిగా ఉన్న ఎర్ర సింహాన్ని ఊడదీసి ఇతనికిస్తాడు. సింహం అంటుంది, "నా బరువు నువ్వు మోయలేవు" అని. మోస్తాడు. భుజం ఒకపక్కకి వంగిపోతున్నా మోస్తాడు. ఆఖరికి ఆ సింహం నోటితోనే శత్రువుని కరిపిస్తాడు.

సీన్ మొత్తం కళ్లకు కట్టినట్టు గుర్తుంది. ఎపిసోడ్ నంబరు చెప్పగలరా?

గోరింక:
హహ, ఇది నేనూ చూడాలి. ఎక్కడుందో చెప్పండి ఎవరైనా.

ఐదోసింహం:
ఎర్ర సింహం కుడిచెయ్యి అన్నది కరెక్టే. ఆకుపచ్చది ఎడమచెయ్యి, నీలం కుడికాలు, పసుపు ఎడమకాలు, నలుపు మొండెం, తల. కానీ ఒక చిక్కుంది. ఆ సింహాలు మాట్లాడవండీ. లోపల కూర్చుని నడిపేవాళ్లు మాట్లాడతారు. సింహం గర్జిస్తుంది, అంతే. "నా బరువు నువ్వు మోయలేవు" అన్నది ఎవరు?

అటకపెట్టె:
సింహమే అంది. గొంతు కూడా గుర్తుంది. కొంచెం ముక్కుతో మాట్లాడినట్టు ఉంటుంది.

అచ్చుముద్ర:
అటకపెట్టె గారూ, ఏమీ అనుకోకండి. ఆ రోజుల్లో అలాంటి ఎపిసోడ్ వచ్చే వీలే లేదు. ఈ ఇద్దర్నీ ఒకే తెరమీదికి తేవడమంటే మోకాలికీ బోడిగుండుకూ ముడిపెట్టడమే.

వోల్ట్రాన్ అసలు జపాన్‌ది. తోయెయ్ వాళ్లు 1981లో తీసిన గోలయన్ అనే సిరీస్. అమెరికాలో సెయింట్ లూయిస్‌కి చెందిన వరల్డ్ ఈవెంట్స్ ప్రొడక్షన్స్ దాన్ని కొనుక్కుని, కోసి, కుట్టి, ఇంగ్లీషు మాటలు పెట్టి 1984 సెప్టెంబర్‌లో వదిలింది. సరిగ్గా అదే నెలలో ఆప్టిమస్ ప్రైమ్ ఉన్న ట్రాన్స్‌ఫార్మర్స్ కార్టూన్ మొదలైంది. దాని వెనకున్నది హాస్‌బ్రో అనే బొమ్మల కంపెనీ. ఇద్దరూ ఒకే పిల్లల కోసం పోటీపడుతున్నవాళ్లు. ఒకరి హీరో ఇంకొకరి హీరోకి చెయ్యి తీసిస్తాడా!

ఇంకో సంగతి. హాస్‌బ్రో ఆ రోబోలను పుట్టించలేదు. జపాన్‌లో తకారా కంపెనీ అమ్ముతున్న డయాక్లోన్, మైక్రో చేంజ్ అనే రెండు వరుసల బొమ్మల అచ్చులే తీసుకుంది. మన ఆప్టిమస్ ప్రైమ్ అక్కడ బ్యాటిల్ కాన్వాయ్. అతని శత్రువు మెగాట్రాన్ మైక్రో చేంజ్‌లోని తుపాకీ. డయాక్లోన్‌లో ఇవన్నీ మనుషులు నడిపే యంత్రాలు. అందుకే తొలి కార్లలో కొన్నిటికి తలుపు తెరిస్తే లోపల సీట్లుంటాయి, ప్రాణమున్న రోబోకి సీటెందుకు అని చిన్నప్పుడు బుర్ర బద్దలుకొట్టుకున్నాను నేను. ప్రాణం పోసింది మార్వెల్ కామిక్స్ వాళ్లు. ఆప్టిమస్ ప్రైమ్ అన్న పేరు డెనిస్ ఓ'నీల్ పెట్టాడు, మిగతా పేర్లూ గుణాలూ చాలావరకు బాబ్ బుడియన్‌స్కీ రాశాడు. ఎవరు మంచివాడో ఎవరు చెడ్డవాడో కూడా అప్పుడే తేలింది.

కాబట్టి మీరు రెండు కార్టూన్లను కలిపి గుర్తుపెట్టుకున్నారు.

స్క్రూడ్రైవర్:
రెండు కాదు, మూడు అంటాను నేను. చెయ్యి ఊడటం, ఎగరడం, మళ్లీ వచ్చి అతుక్కోవడం, ఇదంతా మాజింగర్ జెడ్ వాసన. రాకెట్ పంచ్! మోచేతి దగ్గర్నుంచి చెయ్యి రాకెట్‌లా దూసుకుపోయి శత్రువుని పొడిచి వెనక్కి వచ్చేది. మీరు ఎక్కడో అది కూడా చూసి ఉంటారు. 1972 డిసెంబర్‌లో మొదలై 92 ఎపిసోడ్లు నడిచింది. పెద్ద రోబో కార్టూన్లన్నిటికీ మూలపురుషుడు అదే.

ఇనుపతాత:
ఆగండాగండి. మూలపురుషుడు మాజింగర్ ఏమిటి? మిత్సుతెరు యోకోయామా గీసిన తెత్సుజిన్ 28 ఎక్కడికి పోయింది? మాంగా, అంటే బొమ్మల కథగా 1956, టీవీలో 1963. అమెరికా వెళ్లి జైగాంటర్ అని పేరు కూడా మార్చుకుంది. మాజింగర్ దానికి మనవడు.

స్క్రూడ్రైవర్:
తాతగారూ, తెత్సుజిన్‌ని పిల్లాడు బయట నిలబడి రిమోట్‌తో ఆడిస్తాడు. రిమోట్ దొంగ చేతిలో పడితే రోబో దొంగదే. మాజింగర్‌లో కుర్రాడు చిన్న విమానంలో ఎగిరొచ్చి రోబో తలలో కూర్చుంటాడు. రోబో లోపలికెళ్లి నడపడమన్నది అక్కడ్నుంచే ఊపందుకుంది. మీరు బొమ్మని పక్కన నిలబడి చూసే ఆట ఆడేవారా, మీరే బొమ్మయ్యే ఆట ఆడేవారా? తేడా అదీ.

ఇనుపతాత:
ఆ తేడా ఒప్పుకుంటా. తాత మాత్రం తాతే. 1995 భూకంపం తర్వాత కోబె నగరం కోలుకున్నందుకు గుర్తుగా 2009లో నిలబెట్టిన 18 మీటర్ల విగ్రహం ఎవరిది? తెత్సుజిన్‌ది. యోకోయామా ఆ ఊరివాడే. నగరం లేచి నిలబడిందని చెప్పడానికి ఎవరైనా రిమోట్ ఎవరి చేతిలో ఉందని చూస్తారా?

గోరింక:
ఈ గొడవ వేరే చోట వందసార్లు అయింది, మళ్లీ మొదలుపెట్టకండి బాబూ. అటకపెట్టె గారి సంగతి చూద్దాం.

నాకూ ఇలాంటిదొకటి ఉంది. ట్రాన్స్‌ఫార్మర్స్‌లోని జెట్‌ఫైర్ కార్టూన్‌లో తెలుపు, ఎరుపు విమానంగా, నా దగ్గరున్న బొమ్మలాగే కనిపించేవాడని ప్రమాణం చేసి చెప్పేదాన్ని. పెద్దయ్యాక మళ్లీ చూస్తే కార్టూన్‌లో వాడి పేరు స్కైఫైర్, ముఖం వేరు, ఒళ్లు వేరు! ఆ బొమ్మ అచ్చు తకారాది కానే కాదట, తకతోకు అనే కంపెనీ చేసిన, మాక్రాస్ అనే ఇంకో కార్టూన్‌లోని విమానమట. షోజీ కవమోరి గీసిన వాల్కిరీ. జపాన్ హక్కుల తగాదా వల్ల కార్టూన్‌లో రూపం మార్చేశారు. నేనేమో తెరమీద ఉన్నవాడిని తుడిచేసి, చేతిలో ఉన్నవాడిని అక్కడ అతికించుకున్నాను. ముప్పై ఏళ్లపాటు అనుమానమే రాలేదు.

కొత్తచేతులు:
నాకు ట్రాన్స్‌ఫార్మర్స్‌లోని ఐరన్‌హైడ్ గుర్తొచ్చాడు. కార్టూన్‌లో చక్కని ముఖం. బొమ్మకి తలే లేదు! అద్దం వెనక సీట్లో ఒక స్టిక్కర్, అదే ముఖమనుకోవాలి. పెట్టె విప్పి తల ఎక్కడ పడిపోయిందోనని ఇల్లంతా వెతికా.

ఐదోసింహం:
😂😂 తల కోసం వెతికారా

అచ్చుముద్ర:
అదొక బాధ. బొమ్మ ముందు, కార్టూన్ తర్వాత వచ్చిన కాలం కదా. గీసేవాళ్లు బొమ్మకి లేని ముఖాన్ని కథ కోసం గీశారు. అసలు అలా అరగంట ప్రకటనలాంటి కార్టూన్లు తీయడం అమెరికాలో అంతకుముందు ఇబ్బందే. 1969లో బొమ్మ కార్ల మీద వచ్చిన కార్టూన్‌ని ఇది షో కాదు ప్రకటన అని ప్రసారాల కమిషన్ దగ్గర ఫిర్యాదు చేశారు. 1984లో ఆ కమిషనే పిల్లల కార్యక్రమాల్లో ప్రకటనల మీద ఉన్న పట్టు వదిలేసింది. మన బాల్యం గేట్లు తెరిచింది ఒక ప్రభుత్వ ఉత్తర్వు అన్నమాట. చెప్పుకోవడానికి అంత బాగోదు.

సగంచూసినవాడు:
జనం గుర్తుపెట్టుకునేవి తయారవడానికి టీవీవాళ్లూ సాయం చేశారు లెండి. వోల్టెస్ ఫైవ్ అనే జపాన్ రోబో కార్టూన్ సంగతి తెలుసుగా? ఫిలిప్పీన్స్‌లో పిల్లలు పిచ్చెక్కి చూస్తుంటే 1979లో మార్కోస్ ప్రభుత్వం హింస ఎక్కువైందని ఆపేసింది. అదీ సరిగ్గా ముగింపుకి ముందు. ఒక తరం మొత్తం ఆఖరి యుద్ధం చూడకుండా పెరిగింది. మార్కోస్ దిగిపోయాక గానీ చూడలేకపోయారు. మధ్యలో ఆ ఏళ్లన్నీ ఎవరికి తోచిన ముగింపు వాళ్లు ఆడుకునే ఉంటారు కదా? తర్వాత అసలు ముగింపు చూసి "ఇది కాదు" అన్నవాళ్లు ఎంతమందో అని నాకెప్పుడూ అనిపిస్తుంది. 2023లో అక్కడే దాన్ని నటులతో మళ్లీ తీశారు కూడా.

కొత్తచేతులు:
అనుకున్నదానికంటే ముందే ఆగిపోయినవాటిలో గండమ్ అనే రోబో కార్టూన్ కూడా ఉంది. 1979లో మొదలుపెట్టినప్పుడు 52 అనుకున్నారు, 43తో ముగించేశారు. బొమ్మల కంపెనీకి అమ్మకాలు రాలేదని. పేరులోనే గండం పెట్టుకుంటే అంతే మరి. కానీ 1980 జులైలో బందాయ్ ప్లాస్టిక్ కిట్లు వదిలాక ఆ గండం గట్టెక్కింది, ఇప్పటికీ నడుస్తోంది. మనమే అతికించుకోవాలి, అందుకే ఇష్టం నాకు. బొమ్మ కొన్నట్టు ఉండదు, చేసినట్టు ఉంటుంది.

స్క్రూడ్రైవర్:
చేసుకోవడం మీకు సరదా. నాకు బరువు కావాలి. చేతిలో పడితే ధప్పుమనాలి. 1974లో పాపీ అనే బొమ్మల కంపెనీ వాళ్లు మాజింగర్‌ని లోహంలో పోతపోసి చోగోకిన్ అని పేరు పెట్టారు. కథలో మాజింగర్ ఒంటి లోహం పేరే అది. పిల్లాడి చేతిలో పెట్టింది మామూలు జింకు మిశ్రమమే అనుకోండి. అయినా ఆ పేరు చెప్పి ఆ బరువు చేతిలో పెడితే ఎవడు కాదంటాడు! అంతకుముందు వాళ్లే చేసిన జంబో మషిండర్ 60 సెంటీమీటర్ల ఎత్తు, కానీ లోపల డొల్ల. షాంపూ సీసాల ప్లాస్టిక్. దాన్ని తక్కువ చేయడం లేదు, దాని పిడికిలి కూడా స్ప్రింగుతో ఎగిరేది.

అటకపెట్టె:
అందరికీ థాంక్స్. రెండు కార్టూన్లు కలిపేసుకున్నానని ఒప్పుకోవడానికి మనసు రావడం లేదు. వాన ఎక్కడినుంచి వచ్చింది మరి? వాన చప్పుడు కూడా గుర్తుంది.

ఇవాళ ఆ బొమ్మల పెట్టె దింపాను. ఉన్నవి చెప్తాను, ఫోటోలు పెడుతున్నాను. ఆప్టిమస్ ప్రైమ్ ముందు భాగం ఉంది, ట్రైలర్ ఉంది, లోపలి చిన్న బండి లేదు. రెండు పిడికిళ్లలో ఎడమదే ఉంది. సింహాలు ఐదూ ఉన్నాయి, నల్లదాని రెక్క విరిగింది. తల లేని మనిషి బొమ్మ ఒకటి. లోపల గుండీలు పోసి మూత బిగించిన రేకు డబ్బా ఒకటి, ఇది బొమ్మల్లోకి ఎందుకొచ్చిందో తెలియదు. లారీ రోబో వెనక "తకారా, జపాన్" అని, 1980ల మొదటి సంవత్సరాలు వేసి ఉన్నాయి. కార్టూన్ కంటే ముందువా ఇవి?

అచ్చుముద్ర:
నా పేరే పిలిచినట్టుంది :) ఆ సంవత్సరాలు అచ్చు హక్కువి, మీ బొమ్మ తయారైనవి కావు. చాలామంది దాన్ని చూసి మురిసిపోతారు.

కుడి పిడికిలి పోవడంలో వింతేమీ లేదు. ఆ బొమ్మ పిడికిళ్లు విడి ముక్కలు. లారీగా మార్చేటప్పుడు ఊడదీసి పక్కన పెట్టాలి. పక్కన పెట్టింది పక్కకే పోతుంది. ఈ లోకంలో ఎన్ని ఆప్టిమస్‌లు ఉన్నాయో అన్ని మంచాల కింద పిడికిళ్లున్నాయి. తలా పిడికెడు పాపం అందరిదీ. కావాలంటే తర్వాత వచ్చిన రీఇష్యూ బొమ్మల పిడికిలి సరిపోతుంది.

ఇనుపతాత:
1986 ట్రాన్స్‌ఫార్మర్స్ సినిమాలో ఆప్టిమస్‌ని చంపేసినప్పుడు మా ఇంట్లో ఒకడు మూడు రోజులు మాట్లాడలేదు. కొత్త బొమ్మలకి చోటు కావాలని పాతవాళ్లని చంపారు, పిల్లలు ఏడుస్తారని ఎవరికీ తట్టలేదు. ఆ ఏడుపు ఎంత దూరం వెళ్లిందంటే, అదే కంపెనీ సైనికుల బొమ్మల సినిమాలో చచ్చిపోవాల్సిన నాయకుణ్ణి "కోమాలో ఉన్నాడు" అని ఒక మాట అతికించి బతికించేశారు. గోలయన్‌లో చచ్చిపోయిన పైలట్ వోల్ట్రాన్‌లో ఆసుపత్రికి వెళ్లినట్టే.

మా ఇంట్లో ఒకడు అన్నానుగా, అది నేనే.

ఐదోసింహం:
అటకపెట్టె గారూ, మూడో ఫోటో ఇంకొంచెం దగ్గరగా తీసి పెట్టగలరా? ఎర్ర సింహం మెడ చుట్టూ గోధుమరంగు చార ఉంది. తుప్పు కాదనుకుంటా.

అటకపెట్టె:
పెట్టాను. గట్టిగా అంటుకుపోయి ఉంది, గోరుతో గీకితే పెళుసుగా రాలుతోంది. అలాంటి చారే లారీ రోబో కుడిచేతికి కూడా ఉంది. ఎడమచేతికి లేదు. దేంతో శుభ్రం చేయాలి? గోళ్ల రంగు తీసే మందు ఉంది ఇంట్లో.

స్క్రూడ్రైవర్:
ఆ మందు ముట్టుకోకండి!! అందులో అసిటోన్ ఉంటుంది, ప్లాస్టిక్ కరిగిపోతుంది. మెరిసే పూత ఉన్నచోట ఆల్కహాల్ కూడా వద్దు. గోరువెచ్చని నీళ్లు, నాలుగు చుక్కల సబ్బు, మెత్తని బ్రష్షు, అంతే. స్క్రూలలోకి నీళ్లు పోనివ్వకండి. స్టిక్కర్లు తడవనివ్వకండి.

పసుపెక్కిన తెల్ల ప్లాస్టిక్కుకి పెరాక్సైడ్ పూసి వెలుతురులో పెట్టే పద్ధతి ఒకటుంది, మీకు ఇప్పుడు అవసరం లేదు. బంగారు రంగు తళుకులు కలిపిన ప్లాస్టిక్ బొమ్మలేమైనా ఉంటే మాత్రం కదిలించకండి. 80ల చివర్లో, 90ల్లో వచ్చిన ఆ ప్లాస్టిక్ బిస్కెట్టులా పొడైపోతుంది, నా కళ్లముందే ఒకటి మోకాలి దగ్గర పటుక్కుమంది.

ఆ చార మాత్రం రబ్బరు. పాత రబ్బరు బ్యాండు. గాలి తగిలి ముందు జిగటగా కరుగుతుంది, తర్వాత ఎండి పెళుసవుతుంది. కింద మరక మిగిల్చిపోతుంది.

గోరింక:
ఒక్క నిమిషం.

సింహం మెడకీ, రోబో కుడిచేతికీ. రెండిటికీ రబ్బరు బ్యాండు. కుడి పిడికిలి పోయింది.

అటకపెట్టె గారూ, మీ ఎపిసోడ్ దొరికింది.

ఐదోసింహం:
అయ్యో దేవుడా

కొత్తచేతులు:
ఆ లోహపు సింహం బరువుకి ప్లాస్టిక్ భుజం వంగిపోదూ మరి! "నా బరువు నువ్వు మోయలేవు."

అచ్చుముద్ర:
పైన మోకాలూ బోడిగుండూ అన్నాను, వెనక్కి తీసుకుంటున్నా. మీరు చేసింది టీవీవాళ్లు చేసిందే. 1985లో రోబోటెక్ అనే అమెరికా సిరీస్ కోసం వాళ్లు ఏం చేశారు? రోజూ వేయాలంటే 65 ఎపిసోడ్లు కావాలి, మాక్రాస్‌కి ఉన్నవి 36. ఒకదానితో ఒకటికి సంబంధం లేని ఇంకో రెండు సిరీస్‌లు తెచ్చి, తాతలూ మనవలూ అని చుట్టరికం కలిపి, మొత్తం 85 చేశారు. వాళ్లకి ఎడిటింగ్ టేబుల్ ఉంది, మీకు రబ్బరు బ్యాండు ఉంది.

ఇనుపతాత:
ఆ చార తుడవకండి.

స్క్రూడ్రైవర్:
మామూలుగా అయితే నేను ఒప్పుకోను, మరక పాకుతుంది కాబట్టి. ఎండిపోయిన పెళ్లలు తీసేయండి, మరక ఉంచుకోండి. మధ్యేమార్గం.

అటకపెట్టె:
నిన్న రాత్రి ఏమీ రాయలేకపోయాను. నాకు ఇంకా నమ్మకం కుదరలేదు కూడా. తెరమీదే చూసినట్టుంది నాకు, నేల మీద కాదు. కెమెరా కింద నుంచి పైకి వెళ్తుంది. కానీ ఆలోచిస్తే, నేను నేల మీద పడుకుని ఆడేవాణ్ణి. కింద నుంచి పైకే కనిపిస్తుంది.

ఒంటరిగా ఆడి ఉండను. అక్కకి ఫోటోలు పంపాను, ఇక్కడి మాటలేవీ చెప్పకుండా. "ఇవి గుర్తున్నాయా?" అని మాత్రం అడిగాను.

గోరింక:
ఏమన్నారు? ఏమన్నారు?

సగంచూసినవాడు:
టెన్షన్ పెట్టకండి సార్, చెప్పేయండి.

అటకపెట్టె:
ఇప్పుడే వాయిస్ మెసేజ్ వచ్చింది. ఫోన్లో పక్కనెవరో పిలుస్తున్నా పట్టించుకోకుండా నాలుగు నిమిషాలు మాట్లాడింది. విన్నది విన్నట్టు రాస్తున్నాను.

"ఆ డబ్బా పారేయలేదా ఇంకా! మూత తీయకురా, అది వాన. మనం ఆడినప్పుడల్లా యుద్ధం మొదలవగానే నేను దాన్ని ఊపేదాన్ని. ఊపీ ఊపీ చెయ్యి నొప్పెట్టేది, నువ్వేమో ఇంకా జోరుగా పడాలి అనేవాడివి. లారీవాడి చెయ్యి నువ్వే పారేశావు, నా మీద చెప్పావు. సింహం ఇవ్వనన్నాను, ఎందుకంటే సింహాలు నావి. నువ్వు ఏడిస్తే ఎర్రది ఒక్కటే ఇచ్చాను. అప్పుడు కూడా 'నా బరువు నువ్వు మోయలేవు' అని బెదిరించాను గుర్తుందా?"

ముక్కుతో అంది. అదే గొంతు.

ఐదోసింహం:
నేను ఇక్కడ ఒక్కడినే కూర్చుని కళ్లు తుడుచుకుంటున్నాను, సింహాలు మాట్లాడవని రాసినందుకు సిగ్గుగా ఉంది.

అచ్చుముద్ర:
గొంతు ఇచ్చినవారి వివరాలు కూడా దొరికాయి కాబట్టి రికార్డు పూర్తయింది.

గోరింక:
ఆ తర్వాత కథ ఏమైందో అడిగారా? కరిచాక ఏమవుతుంది? సింహాన్ని తిరిగిచ్చేస్తాడా?

అటకపెట్టె:
అడిగాను. నాకు కరవడం వరకే గుర్తుంది, ఇవ్వలేదనే అనుకున్నాను. దానికి తను, "ఎక్కడిస్తావు! అందుకే కదా రెండో భాగం ఉంది. అందులో మా వోల్ట్రాన్ ఒంటిచేత్తో వచ్చి మీ లారీని తన్ని తీసుకుపోతాడు. నువ్వు ఓడిపోయావు కాబట్టి నీకు గుర్తుండదులే" అంది.

వచ్చే వారం వస్తానంది. రబ్బరు బ్యాండు మాత్రం వద్దని, గుడ్డ రిబ్బను తెమ్మని చెప్పాను.